మెష్ వైఫై కొనాలా, ఒక వైరు లాగితే సరిపోతుందా?

హాల్లో టీవీ యూనిట్ కింద ఫైబర్ బాక్స్ ఉంటుంది. దాని పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ చేస్తే ప్లాన్‌లో చెప్పినంతా వస్తుంది. వెనక పడకగదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగ్‌లో కూర్చుంటే మాత్రం మాట మధ్యలో తెగిపోతుంది. మేడ మీద పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి నడుస్తుంది. ఈ బాధ భరించలేక చాలామంది 'మెష్ వైఫై' అని వెతికి, ఇంట్లో అక్కడక్కడా పెడితే ఒకే వైఫైలా పనిచేసే మూడు డబ్బాల సెట్టు ఒకటి తెప్పించుకుంటారు. కొందరికి దాంతో సమస్య పూర్తిగా తీరిపోతుంది. మరికొందరికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి గానీ స్పీడ్ పెరగదు. చాలాసార్లు ఈ తేడా కంపెనీ వల్ల వచ్చేది కాదు. ఆ డబ్బాలు ఒకదానితో ఒకటి దేని ద్వారా మాట్లాడుకుంటున్నాయో దాని వల్ల వస్తుంది. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు ఉన్న మన ఇళ్ళలో ఏది కొనాలన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే.

అసలు లోపం ఎక్కడుంది?

వైఫై బాగా లేదని అందరూ ఒకే మాట అంటారు గానీ దాని వెనక మూడు వేరువేరు కారణాలు ఉండొచ్చు. మెష్ పనికొచ్చేది వాటిలో ఒక్కదానికే.

మొదటిది, లైనే బాగా లేకపోవడం. లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్స్‌కి కలిపి స్పీడ్ చూడండి. పగలు ఒకసారి, రాత్రి భోజనాల వేళ ఇంకోసారి చూస్తే మంచిది. వైరు మీద కూడా స్పీడ్ రాకపోయినా, బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసిన ఎర్ర లైటు అప్పుడప్పుడూ వెలుగుతున్నా ఆపరేటర్‌కి ఫోన్ చేయాల్సిందే. ఇంట్లోకే రాని స్పీడ్‌ని ఎంత ఖరీదైన మెష్ అయినా గదులకి పంచలేదు.

రెండోది రద్దీ. అపార్ట్‌మెంట్లలో దీని బెడద ఎక్కువ. ఆపరేటర్లు కనెక్షన్‌తో పాటు ఇచ్చే చవక బాక్సుల్లో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి) ఒక్కదాని మీదే పనిచేస్తాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్ళు మూడే: 1, 6, 11. పక్క ఫ్లాట్లవీ, పైన కింద ఫ్లోర్లవీ కలిపి పాతిక ముప్పై రూటర్లున్నా అవన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా అక్కడే తిరుగుతాయి. ఇలాంటి ఇంట్లో రూటర్ పక్కనే కూర్చున్నా వీడియో ఆగుతుంది. దీనికి మెష్ అక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న మామూలు డ్యూయల్ బ్యాండ్ రూటర్ పెడితే చాలా వరకు సర్దుకుంటుంది. ఆ బ్యాండ్‌లో ఛానళ్ళు ఎక్కువ, పైగా అది గోడలు దాటి దూరం పోలేదు కాబట్టి పక్కింటి వాళ్ళ సిగ్నల్ మన దాకా రావడం కూడా తక్కువే.

మూడోది, సిగ్నల్ నిజంగానే అందకపోవడం. దీన్ని గీతలు చూసి కాకుండా అంకె చూసి తేల్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎంలలో చూపిస్తుంది. ఆ అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, సున్నాకి దగ్గరగా ఉన్న కొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా ఉండదు. మైనస్ 75 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మైనస్ 80 దాటాక గదిలో వైఫై పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. గదిగదికీ తిరిగి, తలుపులు మూసి, మీరు నిజంగా కూర్చునే చోట ఈ అంకె రాసుకోండి. ఏం కొనాలో సగం ఆ కాగితమే చెబుతుంది.

ఎంత స్పీడ్ కావాలో కూడా ఇక్కడే అనుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ చాలంటుంది. గ్రూప్ వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే సరిపోతుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని వెనక గదిలో 40 వస్తోందంటే, ఆ గదిలో ఉండేవాళ్ళకి దాంతో ఏ ఇబ్బందీ లేకపోతే, పదివేలు ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు.

గోడలు, స్లాబు, బీరువా

మెష్ డబ్బా మీద 'ఇన్ని వేల చదరపు అడుగులకి సరిపోతుంది' అని రాసి ఉంటుంది. ఆ లెక్క మన గోడల్ని చూసి వేసింది కాదు. మన బయటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక, లోపలిది నాలుగున్నర. స్లాబు లోపల ఇనప ఊచల వల ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక లోపలి గోడని దాటుతుంది, రెండో గోడ దగ్గర బాగా బలహీనపడుతుంది, స్లాబు దాటేసరికి దాదాపు చచ్చిపోతుంది. 2.4 ఇంకొంచెం దూరం పోతుంది గానీ స్పీడ్ తక్కువ. వీటన్నిటికన్నా గట్టి అడ్డం లోహం. స్టీలు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వెనక ఉన్న గదికి సిగ్నల్ ఎందుకు రావట్లేదా అని జుట్టు పీక్కునే వాళ్ళు ఆ వస్తువుని పక్కకి జరిపి ఒకసారి చూడాలి.

స్లాబు మూసేసిన దారిని మెట్లు తెరుస్తాయి. డూప్లెక్స్‌లో మెట్ల ఖాళీ గుండా సిగ్నల్ పైకి పోతుంది. మెట్లు ఇంటి లోపలే ఉన్న ఇంటికి, బయటి మెట్లతో పై పోర్షన్ ఉన్న ఇంటికి ఇందుకే చాలా తేడా ఉంటుంది. మొదటిదానికి వైరు లేని మెష్ ఏదోలా పనిచేస్తుంది. రెండోదానికి దాన్ని నమ్ముకోవద్దనే చెబుతాను.

పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజున టెక్నీషియన్ తనకి వైరు దగ్గరైన చోట బాక్స్ బిగించి వెళ్ళిపోతాడు. అది సాధారణంగా ఇంటికి ఒక చివర, వీధి వైపు కిటికీ దగ్గర, నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. టీవీ యూనిట్ తలుపు వెనక పెట్టించుకున్న వాళ్ళూ ఉన్నారు. దాన్ని ఇంటి మధ్యకి, తలకన్నా ఎత్తుకి, బయట కనిపించేలా తెస్తేనే ఒక గది బాగుపడుతుంది. ఫైబర్ తీగని ఎక్కువ వంచకూడదు కాబట్టి బాక్స్‌ని సొంతంగా లాగకుండా ఆపరేటర్ మనిషినే పిలిపించండి. బాక్స్ కదలదంటే దాన్ని అక్కడే ఉంచి, దాని లాన్ పోర్టు నుంచి పది మీటర్ల కేబుల్ తెచ్చి ఇంటి మధ్యలో మంచి రూటర్ పెట్టుకోవచ్చు. రెండు పడకగదుల ఫ్లాట్లలో చాలా వాటికి ఇంతకు మించి అవసరం పడదు.

ఎక్స్‌టెండర్, పాత రూటర్, పవర్‌లైన్

ప్లగ్గులో గుచ్చే ఎక్స్‌టెండర్ పదిహేను వందల నుంచి మూడు వేల దాకా ఉంటుంది. వచ్చిన సిగ్నల్‌నే పట్టుకుని మళ్ళీ అరుస్తుంది. వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో వాడితే స్పీడ్ దాదాపు సగానికి పడుతుంది. సిగ్నల్ అందని గదిలోనే దాన్ని పెట్టడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. దానికే అందనప్పుడు అది ఇంకెవరికి ఇస్తుంది? గదికీ రూటర్‌కీ మధ్య, సిగ్నల్ ఇంకా మైనస్ 60 కన్నా బలంగా ఉన్న చోట పెట్టాలి. వంటింట్లో ఫోన్ చూసుకోవడానికో, వరండాలో సీసీ కెమెరాకో ఇది చాలు. రోజూ ఎనిమిది గంటలు ఆఫీసు పని చేసే గదికి వద్దు.

అటక మీద పాత రూటర్ ఉందా? దాన్ని పారేయకండి. లాన్ కేబుల్ ఒకటి లాగగలిగితే అదే వెనక గదికి యాక్సెస్ పాయింట్ (వైరు మీద వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చేది) అవుతుంది. చేయాల్సింది కొంచెమే. పాత రూటర్ సెట్టింగుల్లో దాని ఐపీ అడ్రస్ మెయిన్ రూటర్‌తో కలవకుండా మార్చి, ఫోన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ని బయటి లైన్ కోసం ఉండే వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే ఉంచి, ఛానల్ మాత్రం వేరు చేయాలి. ఒకటి 1 మీద ఉంటే రెండోది 11 మీద. ఫోన్ ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఒకటి రెండు క్షణాలు ఆగుతుంది. గదిలో కదలకుండా కూర్చుని పనిచేసే వాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. ఖర్చంతా కేబుల్‌కే. దీన్ని చిన్నచూపు చూడకండి. వైరు లేని మెష్ ఇచ్చే స్పీడ్ కన్నా, వైరు మీదున్న పాత డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఇచ్చేది చాలాసార్లు ఎక్కువే.

కరెంటు వైర్ల గుండానే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా దొరుకుతాయి. మన ఇళ్ళలో వీటి మీద నాకు నమ్మకం లేదు. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో ఒక్కో గది ఒక్కో ఫేజ్ మీద ఉంటుంది, కొన్ని ప్లగ్గులు ఇన్వర్టర్ లైన్ మీద ఉంటాయి. ఒక ప్లగ్గు నుంచి ఇంకో ప్లగ్గుకి సిగ్నల్ చేరుతుందో లేదో పెట్టి చూస్తే గానీ తెలియదు. వాపసు తీసుకునే చోట తప్ప కొనొద్దు.

మెష్‌లో అసలు చూడాల్సింది

2016లో అమెరికాలో ఈరో, గూగుల్ వైఫై వచ్చాక మెష్ అనే మాట ఇళ్ళలోకి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర టీపీ లింక్ డెకో, నెట్‌గేర్ ఆర్బీ, లింక్‌సిస్ వెలాప్ దొరుకుతున్నాయి. ఏసూస్ రూటర్లని ఒకదానితో ఒకటి కలుపుకునే ఏఐమెష్ ఉంది. కొందరు ఇంటర్నెట్ ఆపరేటర్లు కూడా అదనపు డబ్బు తీసుకుని తమ మెష్ డబ్బాలు పెడుతున్నారు. పద్ధతి అన్నిట్లో ఒకటే. ఒక డబ్బా ఫైబర్ బాక్స్‌కి కలుస్తుంది, మిగతావి ఇంట్లో అక్కడక్కడా ఉంటాయి, అన్నీ కలిసి ఒకే పేరుతో ఒకే నెట్‌వర్క్‌లా కనిపిస్తాయి. ఫోన్‌తో ఇల్లంతా తిరిగినా కాల్ తెగకుండా డబ్బా మారేలా కే, వీ, ఆర్ అనే మూడు రోమింగ్ ప్రమాణాలు సాయపడతాయి. అయితే ఎప్పుడు మారాలన్న నిర్ణయం చివరికి ఫోన్‌దే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70కి పడిపోయాకే వేరే డబ్బా కోసం వెతకడం మొదలుపెడుతుంది. పక్కనే బలమైన డబ్బా ఉన్నా దూరపుదాన్నే పట్టుకు వేలాడే ఫోన్లు అందుకే కనిపిస్తుంటాయి. డబ్బాలు మరీ దగ్గర దగ్గరగా పెడితే ఈ జబ్బు ఎక్కువవుతుంది.

డబ్బాకీ డబ్బాకీ మధ్య ఉండే లింకుని బ్యాక్‌హాల్ అంటారు. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నదైతే కుళాయిలో ధార సన్నగానే వస్తుంది, ఇదీ అంతే. మీ ఫోన్‌కీ గదిలోని డబ్బాకీ మధ్య సిగ్నల్ అద్భుతంగా ఉండొచ్చు. ఆ డబ్బాకీ కింద ఉన్న మొదటి డబ్బాకీ మధ్య రెండు గోడలు, ఒక స్లాబు ఉంటే ఫోన్‌కి వచ్చేది ఆ మిగిలిన కాస్తే. గీతలు నిండుగా ఉండి స్పీడ్ రాకపోవడం వెనక ఉన్న రహస్యం ఇదే.

బ్యాక్‌హాల్ మూడు రకాలుగా ఉంటుంది. చవక మెష్‌లన్నీ డ్యూయల్ బ్యాండ్. వాటిలో ఫోన్లతో మాట్లాడే 5 గిగాహెర్ట్జ్ రేడియోనే డబ్బాల మధ్య మాటలకీ వాడతారు కాబట్టి ఒక్కో మజిలీకి స్పీడ్ దాదాపు సగం పోతుంది. మొదటి డబ్బా నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి గొలుసులా పెడితే మూడో గదికి మిగిలేది పావు వంతే. ట్రై బ్యాండ్ మెష్‌లో ఈ మాటలకి వేరే రేడియో ఉంటుంది, అందుకని నష్టం తక్కువ, ధర మాత్రం రెట్టింపు పైనే. మూడోది వైరు. రెండు డబ్బాల మధ్య క్యాట్ 6 రకం లాన్ కేబుల్ ఉంటే గోడలూ స్లాబులూ లెక్కలోకే రావు. చవక డ్యూయల్ బ్యాండ్ మెష్ కూడా అప్పుడు ఖరీదైన ట్రై బ్యాండ్‌ని మించి పనిచేస్తుంది. ట్రై బ్యాండ్‌కి పెట్టే అదనపు డబ్బులో చిన్న భాగం పెడితే ఎలక్ట్రీషియన్ కూలీతో సహా వైరు పని అయిపోతుంది. మీది సొంత ఇల్లయితే నా సలహా ఎప్పుడూ వైరే.

మా పెద్దమ్మ వాళ్ళ మేడ ఇంట్లో దీన్ని దగ్గరగా చూశాను. ఫైబర్ బాక్స్ కింద ముందు గదిలో ఉంది, మెట్లు ఇంటి లోపలే. మెష్ రెండో డబ్బాని పైన చివరి పడకగదిలో బీరువా పక్కన పెట్టారు, ఎందుకంటే అన్నయ్య పనిచేసేది ఆ గదిలోనే. 200 ప్లాన్ మీద అక్కడ పాతిక కూడా దాటేది కాదు. డబ్బాని గదిలోంచి తీసి మెట్లు ఎక్కగానే ఉన్న చిన్న అరలో పెట్టాం. గదికి దూరమైంది, గదిలో గీతలు ఒకటి తగ్గాయి, స్పీడ్ మాత్రం డెబ్బై దాటింది. తరవాత డిష్ కేబుల్ దిగే పైపులోంచే ఎలక్ట్రీషియన్ క్యాట్ 6 లాగాడు. డబ్బాని మళ్ళీ గదిలోకే తెచ్చారు. ఇప్పుడు అక్కడ ప్లాన్ స్పీడ్ దాదాపు అంతా వస్తోంది. కొత్తగా కొన్నది కేబుల్, రెండు జాకులు మాత్రమే.

వైరు ఎక్కడి నుంచి లాగాలన్నది పెద్ద సమస్యలా అనిపిస్తుంది గానీ చాలా ఇళ్ళలో దారి ముందే ఉంటుంది. డిష్ కేబుల్ పైపు, పాత లాండ్‌లైన్ ఫోన్ పైపు, ఏసీ రాగి గొట్టాలు పోయే కన్నం చూడండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని కలిపి లాగనివ్వకండి. బయటి గోడ మీదుగా తేవాల్సి వస్తే ఎండకి తట్టుకునే అవుట్‌డోర్ కేబుల్ అడగండి, మామూలుది మన ఎండలకి కొన్నేళ్ళలో పెళుసెక్కుతుంది. షాపులో 'సీసీఏ' అని రాసి ఉన్న చవక కేబుల్ తీసుకోవద్దు. అది అల్యూమినియం మీద రాగి పూత. పూర్తి రాగిదే తీసుకోండి. వంద మీటర్ల లోపు ఏ ఇంట్లోనూ దూరం సమస్య కాదు. జాకులు బిగించాక లాప్‌టాప్ పెట్టి లింక్ స్పీడ్ చూడండి. 1000 రావాల్సిన చోట 100 చూపిస్తే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఎలక్ట్రీషియన్ మెట్లు దిగకముందే ఇది చూసుకోవాలి.

కరెంటు పోతే?

కొనే ముందు ఎవరూ అడగని ప్రశ్న ఇది, మన ఊళ్ళలో మాత్రం చాలా ముఖ్యమైనది. ఫైబర్ బాక్స్ ఒక్కటి ఉన్నప్పుడు దాన్ని ఇన్వర్టర్ ప్లగ్గులో పెడితే సరిపోయేది. మెష్‌లో ప్రతి డబ్బాకీ కరెంటు కావాలి. చాలా ఇళ్ళలో ఇన్వర్టర్ లైన్ లైట్లకీ ఫ్యాన్లకీ ఉంటుంది గానీ ప్రతి గది ప్లగ్గుకీ ఉండదు. కరెంటు పోగానే పై డబ్బా ఆగిపోతే మేడ మీద పరిస్థితి మళ్ళీ మొదటికే వస్తుంది. డబ్బా ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడే అక్కడ ఇన్వర్టర్ పాయింట్ ఉందో లేదో చూడండి. లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోవచ్చు, కానీ డబ్బా అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు దానితో సరిపోవాలి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అది వేసి ఉంచండి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలోనే రూటర్లు రీస్టార్ట్ అయి, మీటింగ్ మధ్యలో రెండు మూడు నిమిషాలు పోతాయి.

ఏ ఇంటికి ఏది?

రెండు పడకగదుల ఫ్లాట్ అయితే మెష్ ఊసే ఎత్తొద్దు. బాక్స్ స్థానం మార్చండి, లేదా మధ్యలో వైఫై 6 డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఒకటి పెట్టండి. రెండున్నర వేల నుంచి నాలుగు వేల లోపు పని అయిపోతుంది.

మూడు పడకగదుల పొడుగాటి ఫ్లాట్‌లో ఒక చివర బాక్స్, ఇంకో చివర మాస్టర్ బెడ్‌రూమ్ ఉంటాయి. ఇక్కడ రెండు డబ్బాల మెష్ సరైనది. కారిడార్ మధ్యలో రెండోది పెడితే వైరు లేకపోయినా బాగానే పనిచేస్తుంది. మూడు డబ్బాల సెట్టు మీద ఎంత ఆఫర్ ఉన్నా రెండింటిదే తీసుకోండి. అవసరం లేని డబ్బా పెడితే ఇంట్లోనే రద్దీ పెంచుకున్నట్టు.

అద్దె ఇల్లయితే గోడలు తవ్వలేరు, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్ళాలి. ఇక్కడే వైరు లేని మెష్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. ఓనరు ఒప్పుకుంటే తలుపుల పైనుంచి గోడ అంచు వెంబడి పలచటి క్యాట్ 6 కేబుల్‌ని క్లిప్పులతో బిగించొచ్చు, ఖాళీ చేసేటప్పుడు తీసేయొచ్చు.

డూప్లెక్స్‌కి, లోపలి మెట్ల మేడ ఇంటికి రెండు డబ్బాల మెష్, మధ్యలో వైరు. వైరు అసలు కుదరదంటే ట్రై బ్యాండ్‌కి వెళ్ళండి, రెండో డబ్బా మెట్ల తల దగ్గర పెట్టండి. బయటి మెట్లతో విడివిడి పోర్షన్లుంటే వైరు తప్పనిసరి. ఒక్కోసారి పై పోర్షన్‌కి వేరే కనెక్షన్ తీసుకోవడమే మేలు, ముఖ్యంగా అక్కడ ఇద్దరు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంటే. ఒక లైన్ పోయినా రెండోది ఉంటుంది.

కొత్తగా ఇల్లు కడుతున్న వాళ్ళు దయచేసి ఇది చదివి ఊరుకోకండి. స్లాబు వేసే ముందే, గోడలకి గాడి కొట్టేటప్పుడే ప్రతి ఫ్లోర్ సీలింగ్ మధ్యకీ, టీవీ దగ్గరికీ, పనిచేసుకునే గదికీ వేరే పైపు వేయించి అందులో క్యాట్ 6 లాగించండి. అన్నీ ఒకే చోటికి, ఇన్వర్టర్ పాయింట్ ఉన్న చోటికి రావాలి. కట్టేటప్పుడు అయ్యే ఖర్చు టైల్స్ బిల్లులో కనిపించనంత తక్కువ. రంగులు వేశాక చేయాలంటే గోడ తవ్వాలి.

అమెరికాలో ఉన్న మన వాళ్ళ లెక్క వేరు. అక్కడి చెక్క ఫ్రేముల ఇళ్ళలో లోపలి గోడలు సిగ్నల్‌ని అంతగా ఆపవు, డబ్బా మీది చదరపు అడుగుల లెక్క అక్కడ కొంత నిజానికి దగ్గరగా ఉంటుంది. ఈథర్నెట్ (లాన్) వైరు లేకపోయినా గదుల్లో కేబుల్ టీవీ కోయాక్స్ వైరు ఉంటే మోకా అడాప్టర్లతో దాన్నే బ్యాక్‌హాల్‌గా వాడుకోవచ్చు. ఇక్కడ అమ్మానాన్నల ఇంటికి అక్కడ కొన్న సెట్టు పంపించే ముందు మాత్రం అడాప్టర్ ప్లగ్గు, వారంటీ ఇక్కడ నడుస్తాయో లేదో చూసుకోండి.

డబ్బా మీద చదవాల్సినవి

ఏసీ1200, ఏఎక్స్3000 లాంటి వాటిలో అక్షరాలు వైఫై తరాన్ని చెబుతాయి (ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6), అంకెలు రెండు బ్యాండ్ల స్పీడ్‌నీ కలిపి చెప్పేవి. ఏసీ1200లో 2.4కి 300, 5కి 867. ఏఎక్స్3000లో 574, 2402. ఇవి గాల్లో వచ్చే గరిష్ఠ లెక్కలు, చేతికొచ్చేది ఇందులో సగమో అంతకన్నా తక్కువో. 100, 200 ప్లాన్ ఉన్న ఇంటికి ఏసీ1200 మెష్ మధ్యలో వైరు ఉంటే చాలు. వైరు లేకపోతే ఏఎక్స్3000 తీసుకోవడం మేలు. పోర్టులు తప్పకుండా చూడండి: కొన్ని చవక మోడళ్ళలో 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. టీపీ లింక్ డెకోలోనే ఈ4కి అలాంటి పోర్టులు, ఎం4కి గిగాబిట్ పోర్టులు. 300 ప్లాన్ ఉన్నవాళ్ళు ఈ4 కొంటే 100 దగ్గరే ఆగిపోతుంది. వైఫై 7 కోసం ఇప్పుడే పరుగెత్తాల్సిన పని లేదు, ఇంట్లో ఫోన్లూ లాప్‌టాప్‌లూ దాన్ని అందుకునే రకం కానప్పుడు అదనపు డబ్బు వల్ల ఒరిగేది తక్కువ.

ఆపరేటర్ బాక్స్ కూడా రూటరే. దాని వెనక మెష్ కూడా రూటర్‌గా పనిచేస్తే నెట్‌వర్క్ మీద నెట్‌వర్క్ అవుతుంది, కొన్ని గేములు, ఆఫీసు వీపీఎన్, సీసీ కెమెరా యాప్‌లు మొరాయిస్తాయి. మెష్ యాప్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకుంటే ఇది తప్పుతుంది. కొన్ని మోడళ్ళలో ఆ మోడ్‌లో పిల్లల ఫోన్లకి టైము పెట్టే సౌకర్యం పోతుంది, అది కావాలనుకునే వాళ్ళు ఆపరేటర్‌ని అడిగి బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి లైన్ మాత్రమే అందించేలా) పెట్టించుకోవాలి. ఏ పద్ధతిలోనైనా మెష్ పెట్టాక ఆపరేటర్ బాక్స్ వైఫైని ఆపేయండి. లేకపోతే ఫోన్లు అలవాటు కొద్దీ దాన్నే పట్టుకుంటాయి. స్మార్ట్ బల్బులు, పాత కెమెరాలు 2.4 మీదే పనిచేస్తాయి కాబట్టి మెష్‌లో వాటికోసం వేరే 2.4 నెట్‌వర్క్ పెట్టుకునే వీలుందో లేదో కూడా కొనే ముందు చూడాలి.

డబ్బా వచ్చిన రోజే అన్నీ బిగించి వాపసు గడువు అయ్యేలోగా పరీక్షించండి. ముందు రాసుకున్న కాగితం తీసుకుని అవే చోట్ల, తలుపులు మూసి, ఫ్రిజ్ బీరువా ఎక్కడివక్కడే ఉంచి మళ్ళీ చూడండి. సిగ్నల్ అంకె, స్పీడ్ రెండూ రాయండి. అంకె బాగుపడి స్పీడ్ పెరగకపోతే డబ్బాని మొదటిదానికి దగ్గరగా జరపండి. అప్పుడూ రాకపోతే వైరు లాగించండి, వైరు వీల్లేదంటే ఆ సెట్టు వెనక్కి పంపేయండి. చివరిగా కాల్‌లో ఉండి వంటింటి నుంచి మేడ మీదికి నడిచి చూడండి, మెయిన్ స్విచ్ ఆపి ఇన్వర్టర్ మీద ఇంకోసారి నడవండి.